లిపి ఒకరి దగ్గర, ఫోను మరొకరి దగ్గర: మన ఇళ్లకు ఆన్‌లైన్ వార్త చేరే తీరు

కర్ణాటకలో తరాలుగా స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఫోను ప్రస్తావన వస్తే వినిపించే ఫిర్యాదులు రెండు. పెద్దవాళ్లకు ఫోను వాడడం రాదు, పిల్లలు ఫోను వదలరు. ఇవి ఏ ఊళ్లోనైనా వినిపించేవే. మట్మారి లాంటి సరిహద్దు ఊళ్లలో మాత్రం ఇందులో ఇంకో మెలిక ఉంది. తాతకు తెలుగు చదవడం వచ్చు, ఫోను రాదు. మనవడికి ఫోను వచ్చు, తెలుగు చదవడం రాదు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడేది తెలుగే. తెరమీద తెలుగు వార్త కనబడుతూనే ఉంటుంది. దాన్ని తెరిచే చేయి ఒకరిది, చదివే కన్ను మరొకరిది.

అన్ని ఇళ్లూ అచ్చంగా ఇలాగే ఉండవు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ చదివే పెద్దవాళ్లు ఉన్నారు. ఏ లిపీ రాని పెద్దవాళ్లూ ఉన్నారు. అయినా ఈ తేడా చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఇది ఎలా ఏర్పడింది, దీనివల్ల ఏం నష్టం, ఇంట్లోనే దీన్ని ఎలా సరిచేసుకోవచ్చు అన్నది ఈ వ్యాసం విషయం.

రెండు నదుల నడుమ, మూడు రాష్ట్రాల అంచున

రాయచూరు జిల్లా కృష్ణ, తుంగభద్ర నదుల మధ్య నేల. రాయచూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలు మార్గంలో మట్మారి స్టేషన్ ఉంది. అదే దారిలో ముందుకు వెళ్తే తుంగభద్ర దాటి కర్నూలు జిల్లా, మంత్రాలయం. ఉత్తరాన కృష్ణ దాటితే తెలంగాణ.

1956 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. నిజాం కాలంలో ప్రభుత్వ భాష ఉర్దూ. ఇళ్లలో మాత్రం తెలుగు, కన్నడం, ఉర్దూ పక్కపక్కనే నడిచాయి. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసినప్పుడు ఇదే జిల్లాలోని గద్వాల, ఆలంపూర్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత మారింది గాని ఇళ్లూ పొలాలూ కదలలేదు. తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక ఎడమ కాలువ కింద సేద్యానికి కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఇంకొన్ని. వాళ్లు కట్టుకున్న ‘క్యాంపు’లు సింధనూరు, మాన్వి, గంగావతి వైపు ఈనాటికీ ఆ పేరుతోనే ఉన్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 5.84 శాతం, అంటే సుమారు 35 లక్షల పైచిలుకు. కన్నడం, ఉర్దూల తర్వాత రాష్ట్రంలో మూడో స్థానం తెలుగుదే.

మాట నిలిచింది, లిపి మాత్రం తరం తరానికీ పలచబడింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతుంది. అది కూడా 1956లో చేసిన ఏడో సవరణతోనే వచ్చింది. కానీ ఉద్యోగానికి, పై చదువుకు దారి కన్నడం, ఇంగ్లిష్ మాధ్యమాలలోనే కనిపించింది. తల్లిదండ్రులు పిల్లలను అటే పంపారు. 2015లో వచ్చిన కన్నడ భాషా అభ్యాస చట్టంతో రాష్ట్రంలోని అన్ని బడుల్లోనూ కన్నడం నేర్పడం తప్పనిసరి అయింది. ఉంటున్న రాష్ట్రపు భాష పిల్లలకు రావడం మంచిదే. తెలుగు అక్షరాలు నేర్పే పని మాత్రం బడి నుంచి ఇంటి మీద పడింది. చాలా ఇళ్లలో అది జరగలేదు.

ఒకరు చదివితే పదిమంది వినేవారు

వార్త అంటే ఒంటరిగా చూసుకునేది అన్న అలవాటు మనకు కొత్తది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చారు. ఆ రెండు నగరాలనూ కలిపే పాత రైలు మార్గమే రాయచూరు, మట్మారిల మీదుగా పోతుంది. హైదరాబాద్ రాజ్యంలో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వచ్చాయి. చదువు వచ్చినవాళ్లు కొద్దిమందే అయిన రోజులవి. పల్లెకు చేరిన ఒక్క పేపరును చదువు వచ్చినాయన రచ్చకట్ట మీదనో అరుగు మీదనో పైకి చదివేవాడు. వినేవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. “ఏ ఊరంట?” “ఎప్పుడు జరిగిందంట?” “ఎవరు చెప్పినారంట?” అని అడిగేవాళ్లు. ఈరోజు వార్తను సరిచూడడం అని శిక్షణ తరగతుల్లో నేర్పేవి ఈ ప్రశ్నలనే.

రేడియో వచ్చినా ఆ గుంపు చెదరలేదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. నిజాం నాటి దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. వార్తల వేళకు ఇల్లంతా ఒకచోట చేరేది. చదవడం రానివారికి వార్త నేరుగా అందడం రేడియోతోనే మొదలు. తర్వాత 1974లో విశాఖపట్నంలో ఈనాడు పుట్టి, జిల్లా వార్తలకు పెద్దపీట వేసింది. 1995లో ఈటీవీ, 2004లో టీవీ9 వచ్చాయి. కేబుల్ తీగ రాష్ట్ర సరిహద్దును లెక్కచేయలేదు. హైదరాబాద్ స్టూడియోలో చదివిన వార్త రాయచూరు జిల్లా ఇంట్లో అదే క్షణంలో వినబడింది.

పేపరు, రేడియో, టీవీ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. ఇంట్లో అందరూ ఒకే వార్తను ఒకే సమయంలో విన్నారు, దాని మీద మాట్లాడుకున్నారు. స్మార్ట్‌ఫోను ఈ అలవాటును విడగొట్టింది. ఎవరి తెర వారిది, ఎవరి వార్తలు వారివి.

తెలుగు తెరమీదికి వచ్చిన దారి

కంప్యూటర్‌లో తెలుగు కనబడడానికి కావలసిన యూనికోడ్‌లో మన అక్షరాలకు చోటు 1991లోనే దొరికింది. వాడుకలోకి రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. తొలిరోజుల్లో తెలుగు దినపత్రికల సైట్లు తమ తమ సొంత ఫాంట్లు వాడేవి. ఆ ఫాంటు కంప్యూటర్‌లో లేకపోతే వార్త బదులు అర్థంలేని గుర్తులు కనబడేవి. అప్పట్లో ఆన్‌లైన్ తెలుగు వార్త అంటే అమెరికాలో ఉన్న ఇంజనీర్లకే గాని పల్లెలో ఉన్న పెద్దాయనకు కాదు. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. తర్వాత ఒక్కొక్కటిగా పత్రికలు యూనికోడ్‌లోకి మారాయి. 2017 అక్టోబరు 2న బీబీసీ తెలుగు ఆన్‌లైన్‌లో ప్రారంభమైంది.

పల్లెల్లో అసలు మార్పు 2016 సెప్టెంబరు 5న జియో రాకతో మొదలైంది. డేటా ధరలు పడిపోయాయి. మరుసటి ఏడు, 2017 ఆగస్టులో, గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగు, కన్నడం రెండింటినీ చేర్చింది. ఫోనుకు మాట చెబితే అక్షరాలుగా మారే వీలు అప్పుడు దొరికింది. కీబోర్డు మీద ఒత్తులు, గుణింతాలు వెతుక్కోలేని పెద్దవాళ్లకు ఇది పెద్ద సాయం. ఇలాంటిది ఒకటి ఫోనులోనే ఉందని చాలామంది పెద్దవాళ్లకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

మూడు తరాలు, మూడు రకాల తెలివి

ఇంట్లో మూడు తరాలు ఉంటే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో తెలివి ఉంటుంది. ముగ్గురి దగ్గరా ఒక్కో లోటూ ఉంటుంది.

పెద్ద తరానిది పేపరు, రేడియో అలవాటు. ఎక్కడ ఏ ఊరు, ఏ వాగు ఎటు పారుతుంది, ఏ నాయకుడు ఏ పార్టీ నుంచి ఎటు వెళ్లాడు అన్న జ్ఞాపకం వీళ్ల దగ్గరే ఉంది. అచ్చులో వచ్చింది నిజమే అయి ఉంటుందన్న నమ్మకం కూడా వీళ్లకు ఎక్కువ. పేపరుకు ఒక సంపాదకుడు, ఒక చిరునామా, తప్పు రాస్తే పట్టుకోవడానికి ఒక పేరు ఉండేవి. వాట్సాప్‌లో వచ్చే ముక్కకు అవేమీ ఉండవు. తెరమీద రెండూ ఒకే రకం అక్షరాల్లో కనబడతాయి.

మధ్య తరం కన్నడంలో చదువుకుని టీవీతో పెరిగింది. తెలుగు కొంత చదవగలదు, కన్నడం బాగా చదవగలదు, ఫోను అవసరం మేరకు నేర్చుకుంది. ఇంటి రేషన్, బ్యాంకు, బడి పనులన్నీ వీళ్ల ఫోనులోనే నడుస్తాయి. రెండు భాషల వార్తలనూ పోల్చి చూడగలిగేది వీళ్లే. వీళ్లకు లేనిది తీరిక.

చిన్న తరానికి ఫోను చేతి వేళ్లంత సహజం. తెలుగు మాత్రం చెవికే పరిచయం. వీళ్లు తెలుగు వార్తను వీడియోగా వింటారు, రాసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తారు. ఇక్కడ రెండో అడ్డంకి పుడుతుంది. మనవరాలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగును అవ్వ చదవలేదు. అవ్వ పంపిన తెలుగు అక్షరాల ముక్కను మనవరాలు చదవకుండానే పక్కకు జరుపుతుంది. అందులో ఏముందో చూడకుండానే “అవ్వ ఏదో ఫార్వర్డ్ పంపింది” అని నవ్వేస్తుంది. అందులో ఉన్నది అబద్ధమైతే సరిచేసేవాళ్లు ఉండరు. నిజంగా పనికొచ్చేదైతే అందుకునేవాళ్లు ఉండరు.

శిక్షణ అరవై దగ్గర ఆగింది

గ్రామాల్లో డిజిటల్ అక్షరాస్యత కోసం కేంద్ర ప్రభుత్వం 2017లో ‘పీఎంజీదిశ’ అనే పథకం తెచ్చింది. 6 కోట్ల గ్రామీణ కుటుంబాల్లో ఇంటికి ఒకరికి చొప్పున 20 గంటల శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం. 2024 మార్చి 31న పథకం ముగిసేనాటికి సుమారు 6.39 కోట్ల మందికి శిక్షణ ఇచ్చారు. సంఖ్య పెద్దదే. దాని నిబంధనల్లో వయసు 14 నుంచి 60 ఏళ్ల వరకే. ఇంటికి ఒక్కరే అన్నప్పుడు ఎవరు వెళ్తారో చెప్పనక్కరలేదు. అరవై దాటినవాళ్లకు నేర్పే బాధ్యత ఆ నిబంధనతోనే ఇంట్లోవాళ్ల మీద పడింది.

ఆడవాళ్ల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల వారిలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మగవాళ్లు కర్ణాటకలో 62.4 శాతం, ఆడవాళ్లు 35 శాతం. ఆ వయసులోనే ఇంత తేడా ఉంది. 50 దాటిన ఆడవాళ్లను ఆ లెక్కలోకే తీసుకోలేదు. 2011 నాటికి రాయచూరు జిల్లా అక్షరాస్యత 59.56 శాతం, రాష్ట్ర సగటు 75.36 శాతం. జిల్లాలో ఆడవాళ్ల అక్షరాస్యత సగం కూడా లేదు. కాబట్టి మన అవ్వలకు ఆన్‌లైన్ వార్త అందాలంటే ముందు అది వినబడాలి.

అబద్ధం ఎవరి చేతిలో పాకుతుంది?

పెద్దవాళ్లే అబద్ధపు వార్తలు పంపుతారన్న మాటకు కొంత ఆధారం ఉంది. 2016 అమెరికా ఎన్నికల కాలంలో ఫేస్‌బుక్ వాడకాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2019 జనవరిలో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వచ్చింది. 65 ఏళ్లు దాటినవారు అతి చిన్న వయసు వర్గం కంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా అబద్ధపు వార్తలు పంచుకున్నారని అందులో తేలింది. అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. మొత్తం మీద నూటికి తొంభై మందికి పైగా ఒక్క అబద్ధపు లింకు కూడా పంచుకోలేదు.

పిల్లలు తెలివిగా ఉన్నారా అంటే అదీ లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 3,446 మంది అమెరికా హైస్కూలు విద్యార్థులను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. అమెరికాలో ఓట్ల మోసానికి రుజువంటూ చూపించిన ఒక మసక వీడియోను 52 శాతం మంది గట్టి సాక్ష్యంగా నమ్మారు. అది రష్యాలో తీసిన వీడియో. చేతిలో ఇంటర్నెట్ ఉండి కూడా దాని పుట్టుక వెతికినవాళ్లు చాలా కొద్దిమంది. ఫోను వేగంగా వాడడం ఒక నేర్పు, వార్తను తూచడం వేరే నేర్పు. మొదటిది వస్తే రెండోది దానంతట రాదు.

ఇందుకు మన దగ్గరి ఉదాహరణే ఒకటి ఉంది, అదీ చాలా బాధాకరమైనది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్ పుకార్లు దేశమంతా పాకాయి. ఆ ఏడాది జులై 13న హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వచ్చిన కొందరు యువకులు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. ఊరివాళ్లకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం వాట్సాప్‌లో వాళ్ల కారు కంటే ముందే పక్క ఊరికి చేరింది. ముర్కి గ్రామం దగ్గర దారి అడ్డగించి కొట్టారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చనిపోయాడు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌తో సహా చాలామంది అరెస్టయ్యారు. ఆ పుకారును ముందుకు పంపినవాళ్లకు ఫోను బాగానే వచ్చు. “ఎవరు చెప్పినారంట?” అన్న రచ్చకట్ట ప్రశ్న వేసినవాళ్లే అక్కడ లేరు.

అదే నెలలో వాట్సాప్ ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు తెచ్చింది. భారత్‌లో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, ఇప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. అలాంటి సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. ఈ గుర్తు ఏమిటో ఇంట్లో పెద్దవాళ్లకు చూపించడానికి రెండు నిమిషాలు చాలు.

ఏ రాష్ట్రం వార్త?

సరిహద్దు తెలుగు ఇళ్లకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. వార్త నిజమే అయినా మనది కాకపోవచ్చు.

ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమే తీసుకుందాం. కర్ణాటకలో ‘శక్తి’ పథకం 2023 జూన్ 11న మొదలైంది. తెలంగాణలో ‘మహాలక్ష్మి’ కింద 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో ‘స్త్రీ శక్తి’ పేరుతో 2025 ఆగస్టు 15న మొదలయ్యాయి. మూడింట్లోనూ ఏ రాష్ట్రం వాళ్లకు ఆ రాష్ట్రం గుర్తింపు కార్డే ఆధారం. “ఆడవాళ్లకు బస్సు ఫ్రీ” అని తెలుగులో వచ్చిన వీడియో చూసి, కర్ణాటక ఆధార్ పట్టుకుని మంత్రాలయంలో ఆంధ్ర బస్సు ఎక్కితే టికెట్ కొనాల్సిందే. వీడియో అబద్ధం చెప్పలేదు, అది వేరే రాష్ట్రం వాళ్లకు చెప్పింది.

రైతుల విషయమూ అంతే. 2018లో తెలంగాణ రైతుబంధు మొదలైనప్పుడు ఆ వార్త తెలుగు ఛానళ్లన్నిట్లో వచ్చింది. కృష్ణకు ఇవతల భూమి ఉన్న తెలుగు రైతుకు అది వర్తించలేదు. 2019లో వచ్చిన పీఎం కిసాన్ మాత్రం కేంద్రానిది కాబట్టి అర్హత ఉన్నవారికి ఇక్కడా వస్తుంది. మరోవైపు, కర్ణాటకలో ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు ఇచ్చే గృహలక్ష్మి పథకం వివరాలు కన్నడ పత్రికల్లోనే ముందు, పూర్తిగా వస్తాయి. హైదరాబాద్ ఛానల్ మాత్రమే చూసే ఇంట్లో తమకు రాని పథకాల గురించి అంతా తెలుసు, రావలసిన పథకం గడువు తెలియదు.

మోసగాళ్లు ఈ సందునే వాడుకుంటారు. ప్రభుత్వ పథకం పేరు పెట్టి, దరఖాస్తు అంటూ ఏపీకే ఫైలు పంపుతారు. దాన్ని తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే ఫోనులోని మెసేజ్‌లు, బ్యాంకు ఓటీపీలు వాళ్ల చేతికి పోయే ప్రమాదం ఉంది. ఏ ప్రభుత్వమూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి పథకంలో చేర్చుకోదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. అది దేశమంతటికీ ఉన్న సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు వెనక్కి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

తుంగభద్ర గేటు నేర్పేది

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆనకట్టకు ఉన్న గేట్లు 33. జలాశయం నిండుగా ఉన్న సమయం. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్లు వదిలారు. నది పొడవునా హెచ్చరికలు జారీ చేశారు. ఆనకట్ట కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడింటిదీ. వార్త కన్నడంలో ఒక వైపు నుంచి, తెలుగులో ఇంకో వైపు నుంచి వచ్చింది. కన్నడ వార్తల్లో కొప్పళ, విజయనగర, రాయచూరు జిల్లాల సంగతి ఎక్కువ. తెలుగు వార్తల్లో కర్నూలు, మంత్రాలయం, సుంకేసుల సంగతి ఎక్కువ. నదికి ఈ గట్టున ఉన్న తెలుగు ఇంటికి రెండూ కావాలి.

ఇలాంటి రోజున ఏ ఒక్క తరం తెలివీ చాలదు. ఎన్ని క్యూసెక్కులు వదిలారో అధికారిక ప్రకటనలో వెతికి చూడగలిగేది చిన్నవాళ్లు. ఆ ప్రకటన కన్నడంలో ఉంటే సరిగ్గా అర్థం చెప్పగలిగేది మధ్య తరం. 2009 అక్టోబరు వరదలో, కర్నూలు, మంత్రాలయం మునిగినప్పుడు, నీళ్లు మన వైపు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ దారి ముందు తెగిందో గుర్తున్నది పెద్దవాళ్లకు. తెగిన గేటు చోట నీటిని ఆపే పనికి దారి చూపినది కూడా పెద్ద వయసు ఇంజనీరే. జలాశయ గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్ పలకలు దించి, సుమారు వారంలో నీటిని నిలిపారు.

ఇంట్లో చేసుకోగలిగినవి

ఫోను సర్దుబాట్లు. పెద్దవాళ్ల ఫోనులో భాషను తెలుగుకు మార్చాలి, అక్షరాల సైజు పెంచాలి. నమ్మదగిన రెండు మూడు వార్తా సైట్లను తెరమీదే గుర్తులుగా పెట్టాలి. ఒకటి తెలుగు రాష్ట్రాలది, ఒకటి కర్ణాటక వార్తలు ఇచ్చేది. వెతికే పెట్టెలో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే చాలని చూపించాలి.

నేర్పే తీరు. ఫోను లాక్కుని పని చేసి ఇచ్చేస్తే పని అవుతుంది గాని చదువు అవదు. ఫోను వాళ్ల చేతిలోనే ఉంచి, వాళ్ల వేలితోనే నొక్కించాలి. ఒకరోజుకు ఒక పని. అదే పని వారం రోజులు. అడిగిందే మళ్లీ అడిగితే విసుక్కోకూడదు. విసుక్కున్న రోజు నుంచి పెద్దవాళ్లు అడగడం మానేస్తారు. అడగడం మానేసిన చోటే మోసపోతారు.

మూడు ప్రశ్నలు. ఏ సందేశం వచ్చినా ముందుకు పంపేముందు అడగాల్సినవి: ఏ రాష్ట్రం సంగతి? ఏ తేదీది? ఎవరు చెప్పారు? పాత వరద వీడియో కొత్తదిగా తిరగడం మామూలే కాబట్టి తేదీ ముఖ్యం. మూడింటికీ జవాబు దొరకకపోతే ఆపేయడమే. సందేశంలోనే నిజానిజాలు వెతకడం కంటే, దాన్ని వదిలి ఇంకో రెండు చోట్ల అదే సంగతి ఉందో లేదో చూడడం మేలని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులూ చెబుతారు. ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ కథనాలు ఇస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ ప్రకటనల విషయంలో పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది.

అనువాదం సాయం. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2011 నుంచి కన్నడం, తెలుగు రెండూ ఉన్నాయి. కన్నడ ప్రకటనను తెలుగులో వినిపించడానికి పనికొస్తుంది. తేదీలు, అర్హతలు, ‘లేదు’, ‘కాదు’ అన్న మాటలు మాత్రం కన్నడం వచ్చినవారు ఒకసారి చూడాలి. యంత్రం తడబడేది అక్కడే.

కుటుంబ గ్రూపు. ఎవరైనా తప్పు వార్త పెడితే అందరి ముందూ ఎగతాళి చేయొద్దు. విడిగా చెప్పి, వాళ్ల చేతే తీయించాలి. “చిన్నాయనా, ఇది పోయిన ఏటిది, తీసేయండి” అంటే ఏ చిన్నాయనా కోపగించుకోడు.

లిపి చాలా దగ్గరిది

చివరి మాట పిల్లల గురించి. కన్నడం చదవడం వచ్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు కొత్త చదువేమీ కాదు. రెండు లిపులూ ఒకే తల్లి లిపి నుంచి విడిపోయాయి. గ, ద, న, బ, ర వంటివి చూడగానే పోల్చుకోవచ్చు. తలకట్టు తీరు మారుతుంది. క, త, శ వంటి కొన్ని మాత్రం పట్టుబట్టి నేర్చుకోవాలి. గుణింతం వరస ఒకటే. యూనికోడ్‌లో కూడా ఈ రెండు లిపులూ 128 స్థానాల చొప్పున పక్కపక్కనే, ఒకే వరసలో ఉన్నాయి. అందుకే అక్షరముఖ వంటి ఉచిత సాధనాలు కన్నడ లిపిని తెలుగులోకి, తెలుగును కన్నడంలోకి సులువుగా మార్చగలుగుతున్నాయి. తెలుగు లిపి ఇంకా పూర్తిగా రాని పిల్లలు ఆ సాధనంలో తెలుగు వార్తను కన్నడ అక్షరాల్లో పెట్టుకుని చదవవచ్చు. మాట తెలిసిందే కాబట్టి అర్థం అయిపోతుంది.

రోజుకు పది నిమిషాలు పెట్టుకుంటే చాలు. తాత చేతిలో ఫోను, పక్కన మనవడు. తెరవడం తాత నేర్చుకుంటాడు, శీర్షికలు చదవడం మనవడు నేర్చుకుంటాడు. తప్పు చదివితే తాత దిద్దుతాడు, తప్పు నొక్కితే మనవడు దిద్దుతాడు. దీనికి ఏ పథకమూ, ఏ శిక్షణ కేంద్రమూ అక్కరలేదు. తెలుగు వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్న ఈ కొన్నేళ్లలోనే ఇది జరగాలి. వాళ్ల తర్వాత ఫోనులో తెలుగు ఎంత ఉన్నా, మన ఇళ్లలో దాన్ని చదివేవాళ్లు ఉండరు.